పళ్ళ మేస్త్రి తప్పిపోయిన రోజు

ఆ రోజు పొద్దున్న పళ్ళ మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, సైకిలు ముట్టుకోకుండా ఇంకో గంటసేపు దుప్పట్లో పడుకుని, తరవాత మర్యాదస్తుడిలా బస్సెక్కి పనికి వెళ్ళడం.

మేస్త్రి అన్నారు కదా అని అతను ఇటుకలు పేర్చేవాడు కాదు. పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు వెనక ఉన్న ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నాడు. మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కో పన్నూ వరస తప్పకుండా నిలబెట్టే ఆ పనితనం చూసి డాక్టరుగారు ఎప్పుడో సరదాగా "మేస్త్రీ" అన్నారు. ఆ పిలుపు ల్యాబులోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చి స్థిరపడిపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే అతను పలకడానికి కాస్త ఆలస్యమవుతుంది.

చలికాలమంతా సైకిలు మీదే పనికి వెళ్ళాలన్న పట్టుదల అతనికి మూడేళ్ళ కిందట పుట్టింది. మొదటి ఏడాది తొమ్మిదో రోజున మోకాలు నొప్పన్నాడు. రెండో ఏడాది పద్నాలుగో రోజున చెవిపోటన్నాడు. ఆ రెండు చలికాలాలూ సైకిలు బాల్కనీలో నిలబడి తడి తువ్వాళ్ళు మోసింది. మూడో ఏడు చలి మొదలవుతుండగా, భోజనాల దగ్గర, భార్య ముందూ బావమరిది ముందూ చెంచా కింద పెట్టి మరీ ప్రకటించాడు. "ఈసారి ఎండలు ముదిరేదాకా ఒక్క రోజు కూడా ఆపను."

బావమరిది పొలమారేలా నవ్వాడు. చెడిపోయిన కార్లను లాక్కెళ్ళే వ్యాను నడుపుతాడు అతను. మనుషుల గొంతులు అనుకరించడంలో దిట్ట. వెంటనే బావ గొంతు పెట్టి, "అబ్బా, చెవిపోటు!" అని మూలిగాడు. భార్య మాత్రం నవ్వలేదు. "మూడో వారం దాటరు" అంది, అంతే. మేస్త్రికి నవ్వు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరు. ఇరవై రెండేళ్ళుగా ఆటల పీరియడు ఎగ్గొట్టాలనుకునే పిల్లల సాకులు వింటూ వస్తోంది. ఒకే పిల్లాడికి ఒకే ఏడాదిలో నలుగురు అమ్మమ్మలు పోవడం చూసిన మనిషి. ఆవిడ ముందు ఏ నొప్పీ నిలబడదు. అందుకే మేస్త్రి ఉక్రోషం కొద్దీ ఒక తెల్ల కాగితం తీసుకుని, "ఈ కింది మాటలు నేను చెప్పినా ఎవరూ నమ్మకూడదు, నన్ను సైకిలిచ్చి బయటికి పంపాల్సిందే" అని రాసి, కింద తనకు తెలిసిన సాకులన్నీ నంబర్లు వేసి రాశాడు. మోకాలు ఒకటి, చెవి రెండు, టైరులో గాలి మూడు. అలా వెళ్ళి వెళ్ళి ఏడో నంబరు దగ్గర "ల్యాబుకి సెలవు" అని రాశాడు. ఎనిమిదో నంబరు దగ్గర పెన్ను ఆపి, తన గురించి తనకున్న లోతైన అవగాహనతో, "డాక్టరుగారే స్వయంగా ఫోన్ చేశారు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని భార్య ఫ్రిజ్జు తలుపుకి అంటించింది.

ఆ మర్నాడే టైర్లు మార్పించాడు. మంచులో జారకుండా చుట్టూ చిన్న చిన్న ఇనుప మేకులున్న టైర్లవి. వాటిని చూసి బావమరిది, "బావా, ఇవి టైర్లా, ముళ్ళపందులా?" అన్నాడు.

పట్టుదల నిలబెట్టుకోవడానికి మేస్త్రి తనతో తానే ఒక బేరం పెట్టుకున్నాడు. ఇంటికీ ల్యాబుకీ ఆరు కిలోమీటర్లు. సరిగ్గా సగం దారిలో వంతెన. "వంతెన దాకా వెళ్దాం, అక్కడ మనసొప్పకపోతే వెనక్కి తిరిగిపోదాం" అని రోజూ పొద్దున్న తనకు తాను మాటిచ్చుకునేవాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ముందుకెంతో వెనక్కీ అంతే కాబట్టి ముందుకే పోయేవాడు. ప్రతిరోజూ అదే మనిషి అదే మోసానికి లొంగిపోతూ ముప్పై ఒక్క రోజులు గడిపేశాడు.

ముప్పై రెండో రోజు తెల్లవారేసరికి వాన వెలిసి ఉంది. అయితే అది మామూలు వాన కాదు. పడ్డ చుక్క పడ్డట్టే గడ్డకట్టుకుపోయింది. ఆ గడ్డకి రంగు లేదు. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే రోడ్డు కాస్త తడిసినట్టు కనిపిస్తుంది తప్ప, దాని మీద పిల్లి కూడా నిలబడలేకపోతోందని తెలియదు. మేస్త్రి దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి చలిని వాసన చూశాడు. వంతెన బేరం పెట్టుకుందామని నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. బస్సు పథకం అప్పుడే పుట్టింది.

సరిగ్గా ఆ క్షణాన ఫోను మోగింది. జలుబుతో బొంగురుపోయిన గొంతుతో డాక్టరుగారు.

"మేస్త్రీ, ఇవాళ రాకండి. క్లినిక్కు మూసేస్తున్నాను. రోడ్లన్నీ నున్నగా గడ్డకట్టాయట, బస్సులు కూడా లేవు. హాయిగా ఇంట్లో ఉండండి."

మేస్త్రి మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు. ఇది ఓడిపోవడం కాదు, విరమించుకోవడం కాదు, సాక్షాత్తూ సెలవు! లెక్క చెడకుండానే పడక దక్కింది. వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఏమోయ్, ఇవాళ ల్యాబుకి సెలవు!"

భార్య పాలు కాస్తోంది. వెనక్కి కూడా తిరగలేదు. "ఏడు" అంది.

"ఏడేమిటి?"

"ఏడో నంబరు."

మేస్త్రి ఫ్రిజ్జు వైపు చూశాడు. "అది... అది వేరు. ఇది నిజం సెలవు. డాక్టరుగారే స్వయంగా ఫోన్ చేశారు."

"ఎనిమిది."

"నా మాట విను. రోడ్లన్నీ గడ్డకట్టాయట, బస్సులు లేవట!"

ఆవిడ కిటికీలోంచి కిందికి తొంగి చూసింది. "కాస్త తడిగా ఉంది. అంతేగా?" అంది. "ముప్పై ఒక్క రోజులు వెళ్ళారు. నేను మా స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడాపితే మీకు కాదు, నాకు తల కొట్టేసినట్టవుతుంది."

ఆవిడ అందరికీ చెప్పుకుందన్న సంగతి మేస్త్రికి అదే వినడం. లోపల ఎక్కడో సంతోషం కలిగింది గానీ, దాన్ని అనుభవించే తీరిక లేదు. గబగబా డాక్టరుగారి నంబరు నొక్కి, "నువ్వే మాట్లాడు" అని ఫోను ఆవిడ చేతికిచ్చాడు.

"హలో, చెప్పండి మేస్త్రీ" అంది అటునుంచి బొంగురు గొంతు.

ఆవిడ ముఖం కందగడ్డలా అయింది. "ఒరేయ్! గొంతు మార్చినంత మాత్రాన పోల్చుకోలేననుకున్నావా? మీ బావ ఏం చెప్పమంటే అది చెప్పడానికి సిగ్గుగా లేదూ? ఇంకోసారి ఇలాంటి వేషాలేశావంటే పళ్ళు రాలగొడతాను!"

అటునుంచి ఒక దగ్గు. "అమ్మా... నేను పళ్ళ డాక్టర్ని."

"నువ్వు పళ్ళ డాక్టరువైతే నేను మహారాణిని! పెట్టెయ్ ఫోను!"

ఆవిడ ఫోను స్వెట్టరు జేబులో పడేసుకుని భర్త చేతికి హెల్మెట్టు ఇచ్చింది. అయిదు నిమిషాల తరవాత రెండు జతల చేతి తొడుగులూ, చొక్కాకీ కోటుకీ మధ్య మడత పెట్టిన వార్తాపత్రికా, మెడ చుట్టూ మఫ్లరూ వేసుకుని మేస్త్రి మెట్ల కింద నిలబడి ఉన్నాడు. తలుపు గడియ పడిన చప్పుడు మూడో అంతస్తు నుంచి స్పష్టంగా వినిపించింది.

వీధిలో మనిషన్నవాడు లేడు. ఒక కారు పేవ్‌మెంటు మీదికి అడ్డంగా ఎక్కి ఆగిపోయి ఉంది. చివరింటి పోస్టుమాస్టరు గోడ పట్టుకుని ఒక్కో అడుగూ పక్కకి వేస్తూ, ఎవరో లాగేస్తున్నట్టు నాలుగడుగులు వెనక్కి జారిపోయాడు. మేస్త్రి భయపడుతూనే పెడలు తొక్కాడు. టైరు మేకులు మంచులో దిగబడి చిటచిటమన్నాయి. సైకిలు కదిలింది. పడలేదు. ఇంకో పది గజాలు తొక్కాడు. ఇప్పుడూ పడలేదు.

వీధి మలుపు తిరిగేసరికి అతని వెన్ను దానంతటదే నిటారుగా అయింది. పోస్టుమాస్టరు గోడను కావలించుకునే, "మేస్త్రిగారూ, అదెలాగండీ?" అని కేకేశాడు. మేస్త్రి చెయ్యూపుదామనుకున్నాడు గానీ అంత ధైర్యం ఇంకా రాలేదు. తలూపి ఊరుకున్నాడు. ఊరంతా గాజు బొమ్మలా నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దంలో తన టైర్ల చప్పుడొక్కటే వినబడుతుంటే, వంతెన ఎప్పుడొచ్చిందో ఎప్పుడు దాటిందో కూడా గమనించలేదు. బేరం ఆడాల్సిన అవసరమే రాలేదు.

ల్యాబు తాళం తీసి హీటరు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఇక్కడే వెచ్చగా కూర్చుని, ఆ తరవాత యుద్ధం గెలిచినవాడిలా ఇంటికి వెళ్ళి, భార్యకి బస్సులు లేని రోడ్డు చూపించాలి. ఆ దృశ్యాన్ని మనసులో రెండు మూడు రకాలుగా దిద్దుకుంటూ ఉండగా బల్ల మీది ఫోను మోగింది.

"బాబూ..." అంది ఒక ముసలి గొంతు. "పల్లు... పదకొంలుకి... పెల్లి!"

"ఏమిటమ్మా? పదకొండు పళ్ళా?"

"పదకొంలుకి పెల్లి!"

గొంతు గుర్తుపట్టాడు మేస్త్రి. టైలరమ్మ. పళ్ళెప్పుడవుతాయని వారంగా రోజూ ఫోన్ చేస్తున్న డెబ్బై రెండేళ్ళావిడ. ఆవిడ పళ్ళ సెట్టు నిన్ననే పూర్తయి అరలో డబ్బాలో ఉంది. "పదకొండు కాదమ్మా, మీది పూర్తి సెట్టు. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. ఒక్కటి కూడా తగ్గలేదు" అన్నాడు గర్వంగా.

"పల్లు కాలు బాబూ, పెల్లి!"

"కాలా? అయ్యయ్యో, మంచులో కాలు జారిందా? కదలకుండా పడుకోండమ్మా. మా డాక్టరుగారు పళ్ళు తప్ప కాళ్ళు చూడరు, వేరే డాక్టర్ని..."

"కాలు కాలు! కాలు!"

"రెండు కాళ్ళూనా!"

అటువైపు ఏదో పెనుగులాట జరిగి ఫోను చేతులు మారింది. "నమస్కారమండీ" అంది ఒక పెద్దాయన గొంతు, నెమ్మదిగా, ప్రతి అక్షరమూ విడివిడిగా. "నేను వీళ్ళ కింది వాటాలో ఉంటాను. గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఇవాళ పదకొండు గంటలకి పక్క భవనంలో, రిజిస్ట్రారుగారి దగ్గర మా పెళ్ళి. ఆయన కూడా ఈ వీధే, గోడ పట్టుకుని వచ్చేశారు. పొద్దున్నే క్లినిక్కుకి వచ్చి పళ్ళు తెచ్చుకుందామనుకున్నాం. వీధి దాటలేకపోతున్నాం. ఇవాళ తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా ఖాళీ లేదంటున్నారు."

"పళ్ళు లేకుండా కానివ్వచ్చు కదండీ?"

"నేనూ అదే మొత్తుకుంటున్నాను. ఈవిడ ఒప్పుకోవట్లేదు."

వెనక నుంచి టైలరమ్మ ఏదో గట్టిగా అంది. పెద్దాయన అది అర్థం చేసుకుని చెప్పాడు. "మొదటి పెళ్ళి ఫోటోలో తల దించుకుని కూర్చుందట. ఈసారి తలెత్తి నవ్వాలట. అందుకు పళ్ళు కావాలంటోంది."

మేస్త్రి అరలోని డబ్బా వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వేల పళ్ళు చేశాడో, అవి ఎవరి నోట్లో ఏం నవ్వు నవ్వాయో ఎప్పుడూ చూడలేదు. అవన్నీ డాక్టరుగారి చేతుల మీదుగా గుమ్మం దాటి వెళ్ళిపోయేవి.

"పదిన్నరకల్లా మీ ఇంట్లో ఉంటాను" అన్నాడు.

పళ్ళ డబ్బాని చలి తగలకుండా చొక్కా లోపల పెట్టుకుని, అరగదీసే చిన్న పరికరాన్ని జేబులో వేసుకుని బయల్దేరాడు. వాళ్ళ వీధి ఎత్తు మీద ఉంది. సగం దూరం తొక్కాడు, సగం దూరం మేకులు దిగిన సైకిలునే కర్రలా ఆనుకుని నెట్టాడు. ఎక్కడా ఆగలేదు. రోడ్డు పక్క కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. ఒకాయన కిటికీ తెరిచి మరీ చప్పట్లు కొట్టాడు. ఈసారి మేస్త్రి చెయ్యి ఊపాడు.

పదీ ఇరవై అయిదుకి తలుపు కొట్టాడు. టైలరమ్మ తానే కుట్టుకున్న నీలం రంగు కోటు వేసుకుని, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పళ్ళు పెట్టి చూశాడు. ఎడమవైపు ఒకచోట ఒత్తుతోందంటే కాస్త అరగదీశాడు. మళ్ళీ పెట్టాడు. ఆవిడ అద్దం ముందుకెళ్ళి, అటు తిరిగి, ఇటు తిరిగి, నాలుక పళ్ళకి ఆనించి, "సరే" అంది. ఇంకోసారి "సరే" అంది. "సరే, సరే, సరే!" అని నవ్వింది. గడియారాలాయన గుమ్మం బయటే ఉండి, "ఆ సరే నన్ను లోపలికి రమ్మనా, రిజిస్ట్రారు అడగబోయేదానికా?" అన్నాడు.

"రెండిటికీ సరే!" అంది పెళ్ళికూతురు.

రిజిస్ట్రారుగారి గదిలో ఇంకో చిక్కు వచ్చింది. ఇద్దరు సాక్షులుండాలి. ఒకరు ఆ భవనం కాపలాదారు. రెండో ఆయన ఊరవతల నుంచి రావాలి, ఆయన గేటు కూడా దాటలేదు. అందరూ మేస్త్రి వైపు చూశారు. హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని సాక్షి సంతకం చేశాడు. ఫోటో తీసేటప్పుడు అతన్నీ పక్కన నిలబెట్టారు. టైలరమ్మ తలెత్తి నవ్వింది. ఇరవై ఎనిమిది పళ్ళూ వరసగా మెరిశాయి. మేస్త్రి కెమెరా వైపు చూడటం మాని ఆ నవ్వునే చూశాడు.

ఆ సమయానికి ఇంటి దగ్గర ఏం జరిగిందో అతనికి తరవాత తెలిసింది. తొమ్మిదిన్నరకి బడి నుంచి భార్యకి కబురొచ్చింది. రోడ్ల మీద అడుగు పెట్టే పరిస్థితి లేదు, బడి మూసేశాం. ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. జేబులోంచి భర్త ఫోను తీసి, పొద్దున్న తను తిట్టిన నంబరు చూసుకుంది. అది తమ్ముడిది కాదు. డాక్టరుగారికి ఫోన్ చేసి, "పళ్ళ సంగతి నేనేదో అన్నాను, మనసులో పెట్టుకోకండి" అంది. "అది సరేనమ్మా, మేస్త్రిని బయటికి పంపేశారా?" అని ఆయన కంగారుపడ్డారు. ల్యాబుకి చేస్తే మొదటిసారి లైను ఖాళీ లేదు, ఆ తరవాత ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. అతని ఫోనా, ఆవిడ చేతిలోనే ఉంది. ఇక ఆగలేక తమ్ముణ్ణి వ్యానుతో రమ్మంది. దారిలో డాక్టరుగారూ ఎక్కారు. బావమరిది పోలీసు కంట్రోల్ రూముకి ఫోన్ చేసి చెప్పాడు. "మా బావ, పళ్ళ మేస్త్రి అంటారు, పొద్దున్న మా అక్క సైకిలిచ్చి పంపేసింది, కనబడటం లేదు."

పెళ్ళి నుంచి తిరిగి వస్తున్న మేస్త్రిని నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఒక పోలీసాయన ఆపాడు. చెవుల మీదుగా గట్టిగా మఫ్లరు చుట్టుకుని, దీపస్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, దారిలో ఎవరైనా ముసలి మేస్త్రి కనిపించాడా?"

"ఏ మేస్త్రండీ?"

"తాపీ మేస్త్రనుకుంటా. వైర్‌లెస్సులో సరిగా వినబళ్ళేదు. పళ్ళు లేని మేస్త్రట. పాపం, పెళ్ళాం ఇంట్లోంచి గెంటేసిందట. సైకిలు మీద పోయి తప్పిపోయాడు."

మేస్త్రి నొచ్చుకున్నాడు. "ఈ చలిలోనా! పళ్ళు లేనివాళ్ళకి దవడలు లాగేస్తాయండీ. ఆమెకి మనసెలా ఒప్పింది?"

"కొందరంతే. ఇంతకీ మీరెక్కణ్ణుంచి?"

"పెళ్ళి నుంచి. పళ్ళిచ్చి వస్తున్నాను."

పోలీసాయనకి అర్థం కాలేదు గానీ, మఫ్లరు విప్పి మళ్ళీ వినే ఓపిక కూడా లేదు. "కనిపిస్తే చెప్పండి. మీరొక్కరే తిరగగలుగుతున్నారు" అన్నాడు.

ఆ చివరి మాట మేస్త్రికి బాధ్యతలా అనిపించింది. సందు సందూ తొంగి చూస్తూ, "మేస్త్రిగారూ! మేస్త్రిగారూ!" అని కేకలు వేసుకుంటూ వచ్చాడు. తనను తాను అంత మర్యాదగా ఎవరూ ఎప్పుడూ పిలుచుకుని ఉండరు. వంతెన ఎక్కి అవతలి వాలు దిగుతుంటే కింద రోడ్డుకి అడ్డంగా ఒక వ్యాను కనిపించింది. వెనక చక్రం కాలవలోకి దిగిపోయి ఉంది. పక్కన డాక్టరుగారు రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. లేచి నిలబడి రెండడుగులు వేసి, కూర్చుని, జారుతూ మళ్ళీ వ్యాను దగ్గరికే వచ్చారు. భార్య "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని లెక్కపెట్టుకుంటూ వాలు ఎక్కుతోంది. పదో అడుగులో ఆవిడ కూడా అదే లెక్కతో వెనక్కి వచ్చింది. గంటన్నరగా అదే జరుగుతోంది.

మేస్త్రి సైకిలు ఆపి కాలు కింద పెట్టాడు. ఆవిడ అతన్ని చూసి లెక్క మధ్యలోనే ఆపేసింది.

"నువ్విక్కడున్నావేమిటి?" అన్నాడతను ఆశ్చర్యపోతూ. "సరేలే, ఇప్పుడు మాట్లాడే తీరిక లేదు. ఎవరో పళ్ళు లేని ముసలాయన తప్పిపోయాడట. పాపం, పెళ్ళాం ఇంట్లోంచి గెంటేసిందట. ఎలాంటి మనిషో! మీరెవరైనా చూశారా?"

బావమరిది వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి, ఏదో అనబోయి, అక్క ముఖం చూసి తల లోపలికి లాక్కున్నాడు.

"ఆ మనిషిని నేనే" అంది భార్య నెమ్మదిగా. "ఆ ముసలాయన మీరు."

మేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. నాలుకతో పళ్ళు ఓసారి తడుముకుని చూసుకున్నాడు కూడా. తరవాత నవ్వు మొదలైంది. ముందు అతనికి, ఆ తరవాత ఆవిడకి, కింద కూర్చున్న డాక్టరుగారికి. ఆవిడ నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మీకేమైనా అయి ఉంటే..." అని, మిగతాది మింగేసింది.

"నాకేమవుతుంది? ఒక పెళ్ళి చేసొచ్చాను" అని జరిగిందంతా చెప్పాడు. డాక్టరుగారు రోడ్డు మీద కూర్చునే విని, "ఎడమవైపు అరగదీశారా? అక్కడే ఒత్తుతుందని నేననుకున్నాను" అన్నారు.

ఇసుక చల్లిన పెద్ద రోడ్డు అక్కడికి అర కిలోమీటరు. అక్కడికి చేరితే నడిచి ఇళ్ళకి పోవచ్చు. కానీ ఆ అర కిలోమీటరూ నున్నటి గాజు. అది దాటగల వాహనం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఊళ్ళోని కార్లన్నిటినీ లాక్కెళ్ళే వ్యాను కాలవలో పడుకుని ఉండగా, మేస్త్రి సైకిలు కారియరు మీద తన మఫ్లరు మడిచి వేసి, "ముందు ఎవరు?" అన్నాడు.

డాక్టరుగారు వెంటనే, "నేను చివర్న వస్తాను. చిన్నప్పటి నుంచీ కారియరంటే భయం" అన్నారు.

ముందు భార్య ఎక్కింది. అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది. చిటచిటమంటూ సైకిలు కదిలింది. కొంతదూరం వెళ్ళాక వీపు వెనక నుంచి, "ఇవాళ మిమ్మల్ని నేను గెంటకపోతే ఆవిడ పెళ్ళి ఆగిపోయేది, తెలుసా?" అంది.

"తెలుసు."

"అంటే తప్పు నాది కాదన్నమాట."

"కాదు."

ఇంకాస్త దూరం పోయాక, "బాగా తొక్కుతున్నారు" అంది. ఇరవై రెండేళ్ళలో పరుగుపందెంలో మొదటొచ్చిన పిల్లలకి కూడా "ఫర్వాలేదు" తప్ప ఇంకో మాట చెప్పని మనిషి. మేస్త్రి పెడలు రెండు రెట్లు జోరుగా తిరిగింది.

రెండో విడతలో బావమరిది ఎక్కాడు. టైర్ల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి చక్రం కాస్త కదిలేసరికి బావ వీపుకి బల్లిలా అతుక్కుని, "బావగారూ, నెమ్మదిగా" అన్నాడు. ఎప్పుడూ లేనిది "గారు" చేర్చాడని మేస్త్రి గమనించాడు. పెద్ద రోడ్డు మీద అప్పటికే పదిమంది పోగయ్యారు. పోస్టుమాస్టరు ఎలా వచ్చాడో అక్కడికీ వచ్చి, ఇసుక మీద నిటారుగా నిలబడి, "ఈయనే! పొద్దున్న నేను నా కళ్ళతో చూశాను!" అని అందరికీ చెబుతున్నాడు. సైకిలు ఆగగానే చప్పట్లు కొట్టారు. భార్య ఆటల పోటీల్లో ఊదే ఈల జేబులోంచి తీసి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది.

చివరి విడత డాక్టరుగారిది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కారియరెక్కారు. సగం దూరం వచ్చేదాకా ఊపిరి కూడా తియ్యలేదు. ఆ తరవాత ఒక కన్ను తెరిచారు. కాస్త ఆగి రెండోదీ తెరిచారు. అటూ ఇటూ మెరుస్తున్న రోడ్డు చూసి, మేస్త్రి వీపు మీద ప్రేమగా తట్టారు.

"మేస్త్రీ, నిజంగా మిమ్మల్ని చూస్తుంటే గర్వంగా ఉంది. ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు సుమండీ. ఇకమీదట మంచు కురిసినా, వాన గడ్డకట్టినా, మన ల్యాబుకి సెలవివ్వాల్సిన పనే లేదు."

ఆ రోజంతా మంచు మీద ఒక్కసారి కూడా జారని సైకిలు, సరిగ్గా అక్కడ జారింది.